తీగ మోత ఎంతసేపు నిలుస్తుంది?

మీ వీధి చివర కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉందా? రాత్రి సందడి అణగిన తరువాత కాస్త దూరంగా నిలబడి చెవి ఒగ్గి వినండి. (దగ్గరకు మాత్రం వెళ్ళకండి!) ఒకే శ్రుతిలో, ఎక్కడా తెగకుండా, సన్నని మోత వినిపిస్తుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ ఒక్కొక్క ఆవృత్తిలోనూ ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప రేకుల దిమ్మ రెండుసార్లు అతి సూక్ష్మంగా సాగి ముడుచుకుంటుంది. అంటే సెకనుకు 100 కంపనాలు. ఆ మోత అదే.

ఇప్పుడు ఇంట్లో ఒక స్టీలు టిఫిన్ డబ్బా తీసుకుని, మూత తీసి, దాని చుట్టూ ఒక రబ్బరు బ్యాండు నోటికి అడ్డంగా వచ్చేలా బిగించండి. వేలితో మీటండి. "టంగ్" అని ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రాత్రంతా మోగుతూ ఉంటే, రబ్బరు ఒక్క క్షణంలో ఎందుకు మూగబోయింది?

కారణం తెలిసిందే. ట్రాన్స్‌ఫార్మర్‌కు శక్తి ఎడతెగకుండా అందుతోంది. రబ్బరుకు మీరిచ్చింది ఒక్క వేలి దెబ్బ. ఆ కాస్త శక్తినీ అది గాలికి కొంత, డబ్బాకు కొంత, తనలోని ఒరిపిడికి కొంత పంచిపెట్టేసింది. ఇక మోగడానికి ఏం మిగిలింది?

వీణ తీగకూ ఇదే కష్టం. సితారుకూ, గిటారుకూ ఇదే కష్టం. మీటి వాయించే వాద్యాలన్నిటికీ పుట్టుకతో వచ్చిన లోపం ఇది. వయొలిన్‌కు ఈ బాధ లేదు. ఎందుకంటే కమాను తీగ మీద నడిచినంతసేపూ శక్తి అందుతూనే ఉంటుంది.

ఇందులో మరో చిక్కు ఉంది. నిజామాబాద్ జిల్లా పిల్లలకు దాన్ని చెప్పడం తేలిక. మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టారు కదా, ఆ పని 1931లో పూర్తయింది. అందులోని నీటిని తూముల ద్వారా కాస్త కాస్తగా వదిలితే నెలల తరబడి పొలాలకు పారుతుంది. గేట్లన్నీ ఒక్కసారి ఎత్తేస్తే పెద్ద ప్రవాహమే వస్తుంది గాని జలాశయం త్వరగా ఖాళీ అవుతుంది. తీగలోని శక్తి కూడా అంతే! బోలుగా ఉన్న చెక్కపెట్టె తీగ కంపనాన్ని గాలికి బాగా అందిస్తుంది. అందువల్ల ధ్వని గట్టిగా ఉంటుంది, కాని త్వరగా ఆరిపోతుంది. గట్టి దిమ్మ మీద బిగించిన తీగ పక్కవాడికి కూడా సరిగా వినిపించదు. కాని చాలాసేపు కంపిస్తూనే ఉంటుంది. గట్టిదనం కావాలా, నిలకడ కావాలా? ఒకే తీగను రెండూ అడగడం అన్యాయమే.

మన పెద్దలు ఈ చిక్కును ఎంత తెలివిగా దాటారో తంబురాను చూస్తే తెలుస్తుంది. తంబురాకు నాలుగు తీగలు. ఒకటి ఆరిపోయేలోగా రెండోది, అది తగ్గేలోగా మూడోది మీటుతూ పోతారు. పైగా తీగలు ఆనే మెట్టును కాస్త వంపుగా చెక్కి, తీగ కింద చిన్న నూలుపోగు ఇరికిస్తారు. తీగ కంపించేటప్పుడు ఆ వంపును రాసుకుంటూ పోతుంది. దానివల్ల అసలు స్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు పౌనఃపున్యం గల అనుస్వరాలు ఒకదాని వెంట ఒకటి జుమ్మని పైకి లేస్తాయి. నూలుపోగు తీసేసి మీటితే ఆ జీవం పోతుంది. మీ ఊళ్ళో సంగీతం మాస్టారుంటే అడిగి చూడండి, తప్పక చూపిస్తారు.

ఆకాశవాణి ప్రసారాలకు ముందు వచ్చే చిన్న బాణీ విన్నారా? తంబురా నాదం మీద వయొలిన్ నెమ్మదిగా పలుకుతుంది. దాన్ని 1936లో కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూరప్ సంగీతకారుడు. నాజీల భయంతో స్వదేశం వదిలి బొంబాయి చేరినవాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదువుకున్న మనిషి మన శ్రుతి నాదాన్ని ఆధారం చేసుకుని కూర్చిన ఆ కొద్ది స్వరాలు ఇన్నేళ్ళయినా విసుగు పుట్టించలేదు. ఇటువంటి కలయికలు తరువాత చాలా వచ్చాయి. అందులో ఒకటి మన తెలుగు కుర్రవాడి వల్ల వచ్చింది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో మాండలిన్ కూడా ఉండేది. ఆరేళ్ళ వయసులో కుర్రవాడు దాన్ని పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. గురువు రుద్రరాజు సుబ్బరాజు. ఇక్కడే ఒక విశేషం ఉంది. గురువుగారు మాండలిన్ వాయించరు! ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. మరొక మాండలిన్ వాద్యకారుణ్ణి అనుకరించే వీలు లేకపోవడంతో అతను గొంతునే అనుకరించాడు. నాకు తోచినంతలో అతని అదృష్టమంతా అందులోనే ఉంది.

కాని మాండలిన్ ఎటువంటి వాద్యం? ఇటలీ నుంచి వచ్చినది. పొట్టి మెడ. నాలుగు జతలుగా ఎనిమిది తీగలు. పొట్టి తీగ, గట్టి బిగింపు, చిన్న బోలు పెట్టె. కాబట్టి మీటిన స్వరం చిటికెలో మాయమవుతుంది. పాశ్చాత్యులు దీనికి విరుగుడుగా ఒకే స్వరాన్ని టకటకా మళ్ళీ మళ్ళీ మీటుతారు. కర్ణాటక సంగీతానికి అది చాలదు. మనకు గమకం కావాలి. స్వరం ఊగాలి, జారాలి, ఒక స్వరం నుంచి మరొకదానికి తెగకుండా పాకాలి. మధ్యలో ధ్వని ఆరిపోతే పాకేది ఏమిటి? పైగా జంట తీగలను వేలితో పక్కకు లాగితే రెండూ ఒకేలా సాగవు, అపశ్రుతి వస్తుంది. "ఇది మన సంగీతానికి పనికిరాదు" అని విద్వాంసులు అనుకున్నారంటే వారిని తప్పు పట్టలేం. ఒకప్పుడు వయొలిన్ కూడా పరాయిదే, అది వేరే కథ.

శ్రీనివాస్ రెండు మార్పులు చేశాడు. జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. చెక్కపెట్టె ధ్వనిని నమ్ముకోకుండా విద్యుత్ మాండలిన్ పట్టాడు.

విద్యుత్ మాండలిన్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. తీగల కింద ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన ఉన్న ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం కదులుతుంది. క్షేత్రం మారితే చుట్టలో కరెంటు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇది, మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉంది. ఆ చిన్న కరెంటును ఆంప్లిఫైయర్ పెంచి స్పీకరుకు పంపుతుంది. ఇప్పుడు నిజాంసాగర్ మాట గుర్తుకు తెచ్చుకోండి. గట్టిదనం ఆంప్లిఫైయర్ చూసుకుంటుంది కాబట్టి తీగ తన శక్తిని గాలికి ధారపోయనక్కరలేదు. తూము సన్నగా తెరిస్తే చాలు! స్వరం నిలుస్తుంది, గమకానికి వేళ ఉంటుంది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన సందర్భంగా అతను తొలి కచేరీ చేశాడు. అప్పటికి తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. పద్నాలుగేళ్ళు, అంటే మీలో చాలామంది వయసు!

ఇక మరో మనిషిని పరిచయం చేయాలి. కెనడాకు చెందిన గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్. ఈయనకూ అదే తపన: తీగ మోత ఆగకుండా ఉండాలి. మీ బడిలో ఆగస్టు పదిహేనున మైకు, స్పీకరు దగ్గర దగ్గరగా పెడితే "కుయ్‌య్" మని చెవులు చిల్లులు పడే కూత వస్తుంది కదూ? మైకులో పడిన ధ్వని స్పీకరులోంచి పెద్దదై వచ్చి మళ్ళీ మైకులోనే పడుతుంది. అలా తిరిగి తిరిగి కూత పుడుతుంది. మాస్టారు విసుక్కునే ఆ కూతను అదుపులో పెట్టగలిగితే?

ఉయ్యాలను చూడండి. సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడల్లా చిన్నగా తోస్తే ఎంతసేపైనా ఊగుతుంది. సెకనుకు 440 సార్లు ఊగే తీగను సెకనుకు 440 సార్లు సరైన సమయంలో తోయాలి. ఏ చెయ్యి అంత పని చేస్తుంది? తీగ తానే చేసుకోవాలి! బ్రూక్ 1980లలో తయారుచేసిన "అనంత గిటారు"లో తీగ పుట్టించిన కరెంటునే పెంచి, మళ్ళీ విద్యుదయస్కాంతం ద్వారా ఆ తీగనే తోసేలా చేశాడు. ఒక్కసారి మీటితే చాలు. కరెంటు ఉన్నంతసేపు స్వరం సాగుతూనే ఉంటుంది, మన ట్రాన్స్‌ఫార్మర్ లాగే.

గమకం కోసం నిలకడ వెతికిన పాలకొల్లు కుర్రవాడూ, నిలకడ కోసమే గిటారు మార్చుకున్న కెనడా మనిషీ కలిసి చేసిన ఆల్బం పేరు "డ్రీమ్". ఇంగ్లండుకు చెందిన రియల్ వరల్డ్ సంస్థ దాన్ని 1995లో విడుదల చేసింది. కచేరీలా తాళంతో పరుగులెత్తే సంగీతం మాత్రమే కాదది. మాండలిన్ వెనుక పొగమంచులా పరుచుకున్న నాదాలుంటాయి.

అటువంటి సంగీతాన్ని ఆంబియంట్, అంటే పరిసర సంగీతం అంటారు. ఆ పేరు పెట్టి ప్రచారం చేసినవాడు ఇంగ్లండు సంగీతకారుడు బ్రయాన్ ఈనో. 1975లో ఆయన కారు ప్రమాదంలో గాయపడి మంచం మీద ఉన్నాడు. చూడవచ్చిన స్నేహితురాలు హార్ప్ వాద్యం రికార్డు పెట్టి వెళ్ళిపోయింది. ధ్వని బాగా తక్కువగా ఉంది. లేచి పెంచే ఓపిక లేదు. బయట వర్షం. వానచప్పుడులో కలిసి అక్కడక్కడ ఒక్కో స్వరం తేలుతూ వినిపించింది. సంగీతాన్ని గాలి, వెలుతురు లాగా గదిలో ఉంచవచ్చునన్న ఆలోచన అక్కడ పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు.

బోధన్ వారికి ఈ ఆలోచన వింతగా తోచనక్కరలేదు. చెరకు ఆడే కాలంలో చక్కెర కర్మాగారం రాత్రింబవళ్ళు నడుస్తుంది. దాని పక్కనే కాపురముండేవారికి ఆ మోత విన్నట్టే ఉండదు. ఆగినప్పుడే తెలుస్తుంది. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. మీ ఇంట్లో పెద్దలు అక్కడ పనిచేసి ఉంటే, ఆ తరువాతి నిశ్శబ్దం ఎలా ఉండేదో అడగండి. జీతాలు పోయిన బాధ వేరే చెప్పాలా! అయినా చెవికి తెలిసిన సంగతి కూడా ఒకటి ఉంటుంది.

ఈ దారిలో నేడు చాలామంది ఉన్నారు. పియానో, వయొలిన్ వంటి శాస్త్రీయ వాద్యాలను విద్యుత్ నాదాలతో కలిపేవారిని నియోక్లాసికల్ వారంటారు. జర్మనీకి చెందిన నిల్స్ ఫ్రామ్ రాత్రిపూట పియానో వాయిస్తే పొరుగువారి నిద్ర చెడుతుందని తీగలకు మందపాటి ఉన్నిగుడ్డ అడ్డం పెట్టాడు. ఉన్ని మెత్తదనం పై అనుస్వరాలను మింగేసింది, మెత్తని స్వరం మిగిలింది. మైకులు తీగలకు బాగా దగ్గరగా పెట్టడంతో పియానో చెక్కల కిర్రుమనే చప్పుడు కూడా వినిపిస్తుంది. అదే బాగుందనుకుని 2011లో ఆల్బం చేసి "ఫెల్ట్", అంటే ఆ ఉన్నిగుడ్డ పేరే పెట్టాడు. మాక్స్ రిక్టర్ 2015లో నిద్రపోయేవారి కోసం ఎనిమిది గంటలకు పైగా సాగే కృతి రాశాడు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో, 45వ ఏట కన్నుమూశాడు. తమ్ముడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే.

ఈనో 1978లో విమానాశ్రయాల కోసమని చేసిన ఆల్బంలో ఒక చక్కని లెక్క ఉంది. వేర్వేరు పొడవులు గల టేపులను రింగులుగా అతికించి, ఒక్కోదానిలో ఒక్కో స్వరం ఉంచి, అన్నీ ఒకేసారి తిప్పాడు. దీన్ని మీరు టేపు లేకుండానే చేయవచ్చు. వేర్వేరు శ్రుతులలో మోగే మూడు స్టీలు గ్లాసులు, ముగ్గురు స్నేహితులు, ఒక గడియారం చాలు. మొదటివారు ప్రతి 7 సెకన్లకు, రెండోవారు ప్రతి 11 సెకన్లకు, మూడోవారు ప్రతి 13 సెకన్లకు గ్లాసును చెంచాతో తట్టాలి. ముగ్గురూ ఒకేసారి మొదలుపెట్టండి. మళ్ళీ ముగ్గురి దెబ్బ ఒక్కసారి పడేదెప్పుడు? కనిష్ఠ సామాన్య గుణిజం కట్టండి: 7 × 11 × 13 = 1001 సెకన్లు, అంటే 16 నిమిషాల 41 సెకన్లు. అప్పటిదాకా విన్న అల్లిక మళ్ళీ మొదటినుంచి రాదు. ఇప్పుడు 23, 25, 29 సెకన్లతో లెక్క కట్టి చూడండి. నాలుగున్నర గంటలు దాటుతుంది. అది చేసి చూడటానికి మాత్రం ఆదివారం ఎంచుకోండి, ఇంట్లోవారి అనుమతితో!