మూయవలసిన తలుపు – విప్పవలసిన నోరు

మన పూర్వులు ఇల్లు కట్టుకొనునపుడు ఎవరు ఎంతదూరము లోనికి రావచ్చునో గోడలతోనే ఏర్పాటు చేసియుంచిరి. దారినపోవువాడు అరుగుమీద కూర్చుండును. ముఖపరిచయము గలవాడు వసారాలోనికి వచ్చును. బంధువులు మండువాలో కూర్చుందురు. వంటయింటిలోనికిని పెరటిలోనికిని ఇంటివారికే ప్రవేశము. ఈ మర్యాదను చట్టము సైతము గుర్తించినది. 1882లో చేయబడి, మొదట మద్రాసు రాజధానికిని, మధ్యపరగణాలకును, కొడగునకును వర్తించిన ఈజుమెంట్ల చట్టమున ఒక ఉదాహరణము కలదు. అట్టి ఆచారము గల పట్టణమున, పొరుగింటి లోపలి భాగములు కనబడునట్లు క్రొత్తగా కిటికీ తెఱచుటకు ఎవనికిని హక్కు లేదని దాని భావము. 1888లో అలహాబాదు హైకోర్టువారును, ఒక వ్యాజ్యెమున, స్త్రీలు మసలు తావు పరుల కంట బడకుండ కాపాడుకొను హక్కు ఆ ప్రాంతపు ఘోషా ఆచారమునుబట్టి ఇంటివారికి కలదని చెప్పిరి.

నేడు ఆ కిటికీ పొరుగువాని గోడలో లేదు. మన చేతిలోని ఫోనులో ఉన్నది. పాలవాని లెక్క, పిల్లల బడిజీతము, వైద్యుడు వ్రాసిన చీటి, బారసాలనాటి ఫోటోలు, అక్కచెల్లెండ్రతో చెప్పుకొన్న కష్టసుఖములు, బ్యాంకులోని సొమ్ము – అన్నియు అందే యున్నవి. వీధి తలుపునకు గడియవేసి నిదురించు ఇల్లాలు, దిండు ప్రక్కనే మఱియొక తలుపు తెఱచి యున్నదని తలంపదు.

ఈ క్రొత్త కాలమున గోప్యతకు ఆధారమేమి అను ప్రశ్న మన దేశమున సుప్రీముకోర్టు వఱకు పోయినది. ఆధార్ విషయమై కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు 2012లో తెచ్చిన వ్యాజ్యెమున, 2017 ఆగస్టు 24వ తేదీని తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకాభిప్రాయముతో తీర్పు చెప్పిరి. కృష్ణాజిల్లాలో జన్మించిన జాస్తి చలమేశ్వర్ గారు వారిలో ఒకరు. గోప్యత మనుష్యుని జీవితమునకును స్వేచ్ఛకును చెందిన ప్రాథమికహక్కని ఆ తీర్పు సారాంశము. 1888 నాటి హక్కు ఇంటిని, ఘోషాను ఆశ్రయించియుండెను. ఈ హక్కు ఒక్కొక్క మనుష్యునిది. ఇంటి యజమానికి ఎట్లో ఇల్లాలికిని, కన్నెపిల్లకును అట్లే. ఈ భేదమును మా పాఠకురాండ్రు గమనింప గోరెదము. దీనితో ఏమి పనియో క్రింది సంగతివలన తెలియగలదు.

మా యెఱుకలోని ఒక ఇల్లాలికి, మధ్యాహ్నము రెండుగంటల వేళ, ఇంట మఱియెవ్వరును లేని సమయమున ఫోను వచ్చినది. విద్యుచ్ఛక్తి కార్యాలయమునుండి మాటలాడుచున్నానని ఎవడో చెప్పి, క్రిందటినెల బిల్లు లెక్కలో చేరలేదనియు, రాత్రికి దీపములు ఆఱిపోవుననియు బెదరించెను. ఆ సాయంకాలమే మనుమరాలి పుట్టినరోజు వేడుక. ఆమె తొందరపడినది. వాడు పంపినదానిని ఫోనులో దించుకొని, పదిరూపాయలు చెల్లింపుమని అడుగగా తన కార్డు అంకెలు అందు నింపినది. వాడు పంపినది ఫోనునకు వచ్చు సందేశములనెల్ల దూరముననున్న దొంగకు చేరవేయు సాధనము. కొలది నిమిషములలో 48,000 రూపాయలు ఖాతానుండి పోయినవి.

ఆమె ఆ రాత్రి ఆ సంగతి ఎవ్వరితోను చెప్పలేదు. వచ్చినవారికి వడ్డించి, నవ్వుచు తాంబూలములిచ్చి, పిదప గదిలో కూర్చుండి కన్నీరు పెట్టుకొన్నది. "చదువుకొన్నదానవు, ఈమాత్రము తెలియదా?" అని భర్త యనునేమో, కోడలు లోలోపల నవ్వుకొనునేమో అని ఆమె భయము. మఱునాటి సాయంకాలమునకు కుమారునితో చెప్పగా అతడు వెంటనే ఫిర్యాదు చేసెను. అప్పటికి సొమ్ము ఖాతానుండి ఖాతాకు మాఱి అందరానిదయ్యెను. ఆ రాత్రియే చెప్పియున్నచో కొంతయైనను దక్కెడిదేమో అని ఆమె యిప్పటికిని అనుచుండును.

ఈ మాట నిజము. ఇట్టి మోసము జరిగినట్లు తెలిసిన తోడనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలయును. ఇది దేశమంతటికిని ప్రభుత్వమువారు ఏర్పఱచినది. దొంగసొమ్ము ఏ ఖాతాలో నిలిచియున్నదో ఆ ఖాతాలోనే కదలకుండ ఆపించుటకు దీనివలన వీలు కలుగును. సొమ్ము పలుచోట్లకు పంచబడి నగదుగ తీయబడిన పిదప ఆ వీలు ఉండదు. కావున గంటలు కాదు, నిమిషములే విలువైనవి. బ్యాంకునకును అప్పుడే తెలుపవలయును. మన అజాగ్రత్తవలన నష్టము వచ్చినను, మనము తెలిపిన పిదప జరుగు నష్టము బ్యాంకే భరింపవలయునని రిజర్వు బ్యాంకు 2017లో నియమము చేసినది.

ఇక మూయవలసిన తలుపులను చూతము. ఓ.టి.పి. అనునది ఒక్క పర్యాయమే పనికివచ్చు తాళపుచెవి. దానిని చెప్పినవారు తమ స్థానమున ఎదుటివానిని కూర్చుండబెట్టినవారే యగుదురు. బ్యాంకువారు గాని, పోలీసులు గాని, మఱి ఏ కార్యాలయమువారు గాని ఫోనులో దానిని అడుగరు. 2016లో మొదలైన యు.పి.ఐ. చెల్లింపులలో పిన్ అను రహస్యసంఖ్య మన సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. "మీకు డబ్బు పంపెదను, పిన్ కొట్టుడు" అన్నవాడు ఎవడైనను మోసగాడే. పెండ్లి శుభలేఖయనియు, బ్యాంకు నోటీసనియు పేరుపెట్టుకొని వాట్సాప్‌లో వచ్చు ఫైళ్ల పేరు చివర ఏ.పి.కె. అను అక్షరములున్నచో వానిని తాకరాదు. ఎఱిగినవారి పేర వచ్చినను తాకరాదు. వారి ఫోనే దొంగచేతిలో పడియుండవచ్చును. వాట్సాప్‌లో రెండంచెల రక్షణ యనునది కలదు. ఆఱంకెల సంఖ్యయొకటి మనము ముందుగ నిర్ణయించుకొన్నచో, ఓ.టి.పి. దొరికినను పరులు మన పేర ప్రవేశించుట కష్టమగును.

పాస్‌వర్డుల సంగతి. వడ్లగాదెకును, నగలపెట్టెకును, వీధిగుమ్మమునకును ఒక్కటే తాళపుచెవి ఎవ్వరును వాడరు గదా! బ్యాంకునకును ఇతరములకును ఒక్కటే పాస్‌వర్డు పెట్టుటయు అట్టిదే. బిడ్డ పేరును పుట్టిన సంవత్సరమును చేర్చి పెట్టినది ఊరివారందఱకును తెలిసినదే యగును. జ్ఞాపకముండదను భయమున్నచో ఒక పుస్తకమున వ్రాసి బీరువాలో దాచుకొనుట తప్పు కాదు. ఫోనులోనే వ్రాసియుంచుట తప్పు.

ఇంతవఱకు తలుపుల మాట. ఇక నోటి మాట. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని మనవారందురు. గుట్టు పరులకు చెప్పరాదనుట సరియే. కాని దొంగతో మాటలాడి ఇంటివారితో మౌనము వహించుట ఆ సామెతను తలక్రిందులు చేయుటయే యగును. నేటి మోసములలో మిక్కిలి క్రూరమైనది ఈ మౌనమునే ఆధారము చేసికొన్నది. పోలీసుదుస్తులు ధరించి వీడియోలో కనబడి, "మీ పేర మాదకద్రవ్యముల పార్సిలు దొరికినది, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది వెడలరాదు, ఎవ్వరితోను చెప్పరాదు" అని గంటలకొలది బంధించి సొమ్ము లాగుదురు. చట్టమున అట్టి అరెస్టు లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగమున ఈ మోసమును గూర్చి ప్రజలను హెచ్చరించిరి. నిజమైన అరెస్టునకు సైతము హద్దులున్నవి: అసాధారణ పరిస్థితులలో, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో, మహిళాపోలీసు ఉద్యోగిచేత తప్ప, సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వఱకు స్త్రీని అరెస్టు చేయరాదు. "ఎవ్వరితోను చెప్పకుము" అన్న మాట చెవినిబడిన తక్షణమే ఫోను పెట్టివేసి ఎవ్వరితోనైనను చెప్పవలయును.

మన ఆడపిల్లల విషయమున ఈ మాట మఱింత ముఖ్యము. ఎవడో ఒకడు ఫోటో చేజిక్కించుకొనియో, మార్చియో బెదరించినచో, ఆ పిల్ల మొదట భయపడునది వానికి కాదు, తల్లిదండ్రులకు. చట్టము ఆమె పక్షముననే యున్నది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత ప్రకారము, స్త్రీ ఏకాంతమును చాటుగ చిత్రించుట నేరము. చిత్రించుటకు ఆమె యొప్పుకొన్నను, ఇతరులకు చూపుటకు ఒప్పుకొననిచో అట్లు చూపుటయు నేరమే. ఆమె ఇంటర్నెట్టు వాడుకను, ఉత్తరప్రత్యుత్తరములను వెంటాడి కనిపెట్టుట సైతము అదే సంహితలో నేరముగ చెప్పబడినది. కూతురు చెప్పిన తోడనే సందేశములను చెఱపక సాక్ష్యముగ భద్రపఱచి, సొమ్మీయక, 1930కి గాని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వస్థానమున గాని ఫిర్యాదు చేయవలయును. తెలంగాణమున 2014లో నెలకొల్పబడిన షీ టీములును స్త్రీలకై యేర్పడినవే.

కడపట ఇంటి పెద్దలకు ఒక మనవి. కోడలి ఫోను తీసి చూచుట, భార్య సందేశములు చదువుట రక్షణయని కొందఱు తలంచుచున్నారు. అట్టి యింట స్త్రీ దాచుట నేర్చుకొనును. దాచుట నేర్చినయామె ఆపదనుగూడ దాచును. ఆమె తలుపు ఆమెను వేసికొననిండు. పొరపాటు జరిగి మీయొద్దకు వచ్చినపుడు మొదటిమాటగ "ఎట్లు చేసితివి?" అనక, "1930కి ఫోను చేసితివా?" అని యడుగుడు. ఈ మాసపత్రిక చేతనుండగనే, సోదరీమణులారా, ఆ సంఖ్యను ఇంటిల్లిపాది ఫోనులలోను, వంటయింటి గోడనున్న క్యాలెండరుమీదను వ్రాసియుంచుడు.