ఇంటనే కాల్చుకొను గోధుమ రొట్టె

అంగడిలో అమ్మెడి డబల్ రొట్టెను ఇంటిలో చేసికొనవచ్చునా అని రైతు సోదరులు, వారి ఇంటి ఆడవారు అడుగుచుందురు. తప్పక చేసికొనవచ్చును. గోధుమపిండి, నీరు, ఉప్పు, ఈస్టు ఉన్న చాలును. ఖరీదైన పొయ్యి అక్కరలేదు. గోదావరి జిల్లాలలో దిబ్బరొట్టెను క్రింద నిప్పు, మూతమీద నిప్పు పెట్టి కాల్చు పద్ధతి మీకు తెలిసినదే. అదే పద్ధతి దీనికిని పనికివచ్చును.

గింజల ఎన్నిక: అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. విత్తనమునకై మందు పట్టించిన గింజలను ఎట్టి పరిస్థితులలోను పిండి పట్టించరాదు. 1971-72లో ఇరాక్ దేశమున పాదరసపు మందు పట్టించిన గోధుమ, బార్లీ విత్తనములను రైతులకు పంచిరి. సంచులపై హెచ్చరికలు పరభాషలలో ఉండెను. గింజకు వేసిన రంగును కడిగివేసిన విషము పోవునని తలచి, కొందరు వానిని విసిరి ఇంట రొట్టెలు కాల్చుకొని తినిరి. విషలక్షణములు కొన్ని వారముల తరువాత గాని బయటపడలేదు. 6,530 మంది ఆసుపత్రులలో చేరగా, వారిలో 459 మంది మరణించిరి. నీటితో రంగు పోయినది గాని మందు పోలేదు. నేడు మనము వాడు విత్తనశుద్ధి మందులు వేరైనను నియమము ఒక్కటే. మిగిలిన విత్తనమును తిండిగింజల గాదెలో కలపవద్దు. పశువులకు, కోళ్లకు కూడ వేయవద్దు.

పిండి కలుపుట: గోధుమపిండి అరకిలో, ఉప్పు రెండు చిన్న చెంచాలు, పంచదార రెండు చెంచాలు, పొడి ఈస్టు ఒకటిన్నర చెంచా, నూనె రెండు పెద్ద చెంచాలు తీసికొనవలెను. ఈస్టు ప్రాణమున్న సూక్ష్మజీవి. అది పంచదారను, పిండిలోని చక్కెరలను తిని వాయువును విడుచును. కావున నీరు గోరువెచ్చగా ఉండవలెనే గాని, చేతికి చురుక్కుమనరాదు. వేడినీటిలో ఈస్టు చచ్చును, రొట్టె పొంగదు. పావులీటరు నీటిలో పంచదార, ఈస్టు వేసి పది నిమిషములు ఉంచవలెను. నురుగు రానిచో ఆ ఈస్టు పనికిరాదు. నురుగు వచ్చిన పిదప ఆ నీటిని ఉప్పు కలిపిన పిండిలో పోసి, నూనె చేర్చి, ఇంకను కావలసిన నీరు కొద్దికొద్దిగా కలుపుచు పది నిమిషములకు తక్కువ గాకుండ మర్దించవలెను.

మర్దించుట ఎందుకు? గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలిసి జిగురుగా సాగును. ఈ జిగురే వాయువును పట్టి ఉంచి రొట్టెను పొంగించును. జొన్నలో ఈ జిగురు లేదు. అందుచేతనే జొన్నరొట్టెకు మరిగెడి నీరు పోసి, చేతితో తట్టి చేయుదురు. జొన్నపిండి కలుపదలచినచో నాలుగవ వంతుకు మించరాదు.

పొంగించుట, కాల్చుట: ముద్దను తడిగుడ్డతో కప్పి రెట్టింపగువరకు ఉంచవలెను. వేసవిలో గంట చాలును, చలికాలమున రెండు గంటలు పట్టవచ్చును. పిదప అదిమి, నూనె రాసిన డబ్బాలో సగము వరకు పెట్టి, మరల అరగంట పొంగనీయవలెను. మందమైన ఇనుప పాత్రలో రెండంగుళముల ఇసుక పోసి, మూతపెట్టి, పావుగంట బాగుగ కాగనిచ్చి, అందు డబ్బాను దించవలెను. మూతపై నిప్పులు పరచవలెను. సుమారు ముప్పాతిక గంటలో రొట్టె కాలును. డబ్బానుండి తీసి అడుగున వ్రేలితో తట్టినపుడు డొల్లశబ్దము వచ్చిన ఉడికినట్లు. చల్లారిన పిదపనే కోయవలెను.

ఇందులో నిలువయుండుటకు మందులు లేవు. కావున రెండు దినములలో తినవలెను. బూజు పట్టినచో ఆ భాగమును మాత్రము గిల్లివేసి తినరాదు, రొట్టెనంతటిని పారవేయవలెను.

గ్రామోద్యోగులు విత్తనములు పంచునపుడే ఇది తిండిగింజ కాదని రైతుకు తెలుగులో చెప్పి పంపినచో మేలు. సంచిపై హెచ్చరిక ముద్రించుట చాలదు, అది చదివిన వారికే తెలియును.