మీకు తెలుసా? 5 రూపాయల కూలి నుంచి ఫీనిక్స్ కంపెనీ దాకా

వరంగల్ జిల్లా పొలాల్లో రోజుకు 5 రూపాయల కూలికి పనిచేసిన జ్యోతిరెడ్డి, 2001లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 'కీస్ సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్' అనే సొంత కంపెనీ పెట్టారు.

ఇంట్లో గడవక ఆమె బాల్యం అనాథాశ్రమంలో సాగింది. 16 ఏళ్లకే పెళ్లి, 18 నిండేసరికి ఇద్దరు ఆడపిల్లలు. అయినా చదువు వదల్లేదు: 1994లో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ., 1997లో కాకతీయ నుంచి పి.జి. పూర్తిచేశారు. టీచరుగా బడికి వెళ్లేందుకు చాలా దూరం ప్రయాణించాల్సి వచ్చేది. ఆ దారిలోనే తోటి ప్రయాణికులకు చీరలు అమ్మేవారు. చీరకు మిగిలేది ఒక్క రూపాయి. ఆమె వ్యాపారం నిజానికి అక్కడే మొదలైందని నా నమ్మకం. 2000లో అమెరికా వెళ్లాక మొదట దొరికినవి చిన్నాచితకా కొలువులే.

హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుతున్న అమ్మాయిలు తెలుసుకోవాల్సిన మరో పేరు, ఇలాగే కష్టాల్లోంచి వ్యాపారంలో ఎదిగిన మేడమ్ సి.జె. వాకర్. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి దంపతులకు 1867లో లూసియానాలో పుట్టారు. ఏడేళ్లకే తల్లిదండ్రులు పోయారు, 14 ఏళ్లకు పెళ్లయింది. ఇళ్లలో బట్టలు ఉతికి కూతుర్ని పెంచారు. తర్వాత కేశసంరక్షణ సరుకులతో ఇండియానాపోలిస్‌లో ఫ్యాక్టరీ పెట్టి, వేలాది నల్లజాతి మహిళలకు వాటిని అమ్మే పని నేర్పించారు.