18 అడుగులా, 23 అడుగులా?

అట్లాంటా నగరానికి ఉత్తరాన ఛట్టహూచీ నది మీద 1950ల్లో బ్యూఫర్డ్ డ్యామ్ కట్టారు. దాని వెనక నిండిన జలాశయమే లేక్ లానియర్. నిండుగా ఉన్నప్పుడు విస్తీర్ణం 38,000 ఎకరాలు, తీరం పొడవు దాదాపు 690 మైళ్లు. పడమటి ఒడ్డున ఉన్న ఫోర్సైత్ కౌంటీలో, ముఖ్యంగా కమ్మింగ్ చుట్టుపక్కల, తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. ఇల్లు కొనడం, పిల్లలకు ఈత నేర్పించడం అయ్యాక కొన్ని ఇళ్లలో ‘మనమూ ఓ బోటు కొంటే?’ అన్న మాట బయల్దేరుతుంది. నాలుగు షోరూములు తిరిగేసరికి ప్రశ్న మారిపోతుంది: 18 అడుగులదా, 23 అడుగులదా?

ఇలాంటి కుటుంబాలు ఎక్కువగా చూసేది బౌరైడర్ రకం బోట్లను. నడిపేవారి ముందున్న అద్దానికి అవతల, బోటు ముక్కు భాగంలో కూడా సీట్లుంటాయి. పిల్లలకు ఆ చోటంటే ప్రాణం. 18 అడుగుల బోటులోనూ ఆ సీట్లుంటాయి, 23 అడుగుల దాంట్లోనూ ఉంటాయి. బొమ్మలో చూస్తే రెండూ అన్నదమ్ముల్లాగే కనిపిస్తాయి. కాబట్టి ఓ అయిదు అడుగులు ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది.

అసలు చిక్కు ఆ అయిదు అడుగుల్లోనే ఉంది. పొడవు పెరిగిన బోటు వెడల్పూ లోతూ కూడా పెరుగుతుంది. ఒకే ఆకారాన్ని 18 అడుగుల నుంచి 23 అడుగులకు సాగదీస్తే దాని ఘనపరిమాణం రెట్టింపు దాటుతుంది. బరువూ ఇంచుమించు అదే దారి పడుతుంది. బరువు పెరిగితే ఇంజిన్, ట్రైలర్, లాగే వాహనం, తాగే పెట్రోలు వరసగా మారిపోతాయి.

లెక్క ఇలా వేసుకోవచ్చు. ఇంజిన్‌తో కలిపి 18 అడుగుల బోటు సుమారు 2,400 పౌండ్లు ఉందనుకుందాం. ట్రైలర్ 800. ట్యాంకులో 25 గ్యాలన్ల పెట్రోలుంటే, గ్యాలన్ ఆరు పౌండ్ల లెక్కన, 150. లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె మరో 150. వెరసి 3,500 పౌండ్లు. తెలుగువారి ఇళ్ల ముందు తరచూ కనిపించే హోండా ఒడిస్సీ, టయోటా సియెన్నా మినీవ్యాన్లు లాగగలిగే గరిష్ఠ బరువు సరిగ్గా అంతే. అంటే అంచు మీద నడక. పైగా ముందు చక్రాలతో నడిచే బండి తడిసిన ర్యాంప్ మీద బోటును పైకి లాగాల్సి వచ్చినప్పుడు, బరువంతా వెనక్కి వాలి, ముందు టైర్లు పట్టు తప్పి గిర్రున తిరుగుతాయి. పెట్రోలుతో నడిచే టయోటా హైలాండర్ ఉంటే దాని పరిమితి 5,000 పౌండ్లు కాబట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. అదే హైలాండర్ హైబ్రిడ్ అయితే మళ్లీ 3,500 దగ్గరే ఆగుతుంది. కొనేముందు బండి ఓనర్స్ మాన్యువల్ తిరగేయాల్సింది ఇందుకే.

ఇక 23 అడుగుల దానికి వద్దాం. బోటు 4,500, ట్రైలర్ 1,200, 50 గ్యాలన్ల పెట్రోలు 300, సామాను 300 అనుకున్నా 6,300 పౌండ్లు తేలుతుంది. హైలాండర్ చేతులెత్తేస్తుంది. ఫోర్డ్ ఎఫ్-150 లాంటి ట్రక్కో, షెవ్రొలే టాహో లాంటి పెద్ద ఎస్‌యూవీనో కావాలి. అంటే బోటు బేరం కాస్తా కారు బేరం కూడా అవుతుంది. షోరూములో నెలసరి వాయిదా లెక్క కట్టే కాగితం మీద ఈ రెండో బండి ఎక్కడా కనిపించదు.

ఎంతమంది ఎక్కవచ్చన్నది తర్వాతి ప్రశ్న. మనవాళ్ల విషయంలో బహుశా ఇదే మొదటిది. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, పక్క వీధి స్నేహితుల కుటుంబం తోడవుతుంది, పులిహోర డబ్బాలతో సహా పదిమంది లెక్క తేలుతుంది. సంక్రాంతికి దిగే చుట్టాలను లెక్కేసుకుని ఎవరూ ఇల్లు కట్టుకోరు గానీ, బోటు దగ్గరికొచ్చేసరికి చాలామంది చేసేది అదే. ఏడాదికి రెండుసార్లు పదిమంది కోసం పెద్దది కొంటారు. మిగతా రోజుల్లో నలుగురే ఉన్నప్పుడు, అంత బరువును తగిలించి, దింపి, మళ్లీ ఎక్కించే ఓపిక లేక అది కవరు కిందే ఉండిపోతుంది.

పరిమితి చెప్పే పలక ఒకటుంటుంది. 1971లో వచ్చిన ఫెడరల్ బోటు భద్రతా చట్టం కింద పెట్టిన నిబంధనల ప్రకారం, 20 అడుగుల లోపు మోటారు బోట్లలో చాలా రకాలకు నడిపేవారి కంటపడేలా సామర్థ్య పలక బిగించాలి. ఎంతమంది, ఎన్ని పౌండ్లు అన్నది దాని మీద ఉంటుంది. ఇంజిన్‌ను వెనక బయట బిగించే ఔట్‌బోర్డ్ రకం అయితే ఎన్ని హార్స్‌పవర్‌లకు మించకూడదో కూడా రాస్తారు. ‘8 మంది’ అని ఉన్నంత మాత్రాన ఎనిమిది మంది భారీకాయులని అర్థం కాదు. పక్కనే ఉన్న పౌండ్ల అంకె దాటకూడదు. అదీ ప్రశాంతమైన నీటి మీద వేసిన లెక్కే. 20 అడుగులు దాటితే ఫెడరల్ చట్టం ఈ పలకను తప్పనిసరి చేయలేదు. చాలామంది తయారీదారులు తమంతట తామే పెడుతున్నారు. పాత బోటు కొనేవారు మాత్రం అది ఉందో లేదో వెతికి చూడాలి.

అదే 20 అడుగుల గీత మరోచోట మరీ ఆశ్చర్యపరుస్తుంది. ఆలోపు పొడవున్న ఔట్‌బోర్డ్ బోట్లు, అతి చిన్న ఇంజిన్లవి తప్ప, లోపల నీరు నిండినా ఒరిగిపోకుండా తేలుతూనే ఉండాలి. జనం దాన్ని పట్టుకుని సాయం వచ్చేదాకా ఆగడానికి వీలుగా అందులో ఫోమ్ నింపుతారు. అంతకు మించిన పొడవున్న బోట్లకు అలాంటి ఫెడరల్ నిబంధన లేదు. పెద్దదే భద్రం అనుకునేవారు ఇక్కడ కాస్త ఆగాలి. పొడవు ఎంతైనా ఫోమ్ నింపుతామని చెప్పుకునే కంపెనీలూ ఉన్నాయి. ఆ పేరు ముందుగా సంపాదించింది బోస్టన్ వేలర్. 1958లో 13 అడుగుల బోటుతో మొదలైన ఆ కంపెనీ అధినేత డిక్ ఫిషర్, 1961లో లైఫ్ పత్రిక ఫొటోల కోసం తన బోటులో కూర్చుని దాన్ని రంపంతో రెండు ముక్కలుగా కోయించాడు. అప్పటికీ అది మునగలేదు.

బోటు తేలినా మనిషి మునగవచ్చు. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల్లో 2023లో వినోద పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. కారణం తెలిసిన మరణాల్లో నాలుగింట మూడొంతులు నీట మునిగినవే. అలా మునిగినవారిలో 87 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పర్యాటక బోటు ప్రమాదం గుర్తున్న తెలుగువారికి ఈ అంకెను వేరే వివరించనక్కర్లేదు. జార్జియాలో 13 ఏళ్ల లోపు పిల్లలు కదులుతున్న బోటులో జాకెట్ తీయకూడదు. తాతయ్యకు అలాంటి చట్టం లేదు. ఆయనను ఒప్పించడం ఇంట్లోవాళ్ల పని.

ఇన్ని చెప్పాక కూడా పెద్ద బోటు గట్టిగా నిలబడే చోటు ఒకటుంది. జూలై శనివారం మధ్యాహ్నం లానియర్ మీద గాలి లేకపోయినా అలలు లేస్తాయి. అన్ని వైపులా తిరిగే పెద్ద బోట్లు, వేక్ బోట్లు లేపే అలలు ఒకదానికొకటి అడ్డంపడి నీళ్లు గిలకొట్టినట్లవుతాయి. అప్పుడు 18 అడుగుల బోటు అల అలకూ ఎగిరిపడుతుంది. ముక్కు దగ్గర కూర్చున్న పిల్లలు కేరింతలు కొడతారు, నడుము నొప్పి ఉన్న అమ్మమ్మ పళ్లు బిగపడుతుంది. బరువూ పొడవూ ఉన్న బోటు రెండు అలల మీద ఒకేసారి వాలుతుంది కాబట్టి కుదుపు తగ్గుతుంది.

అలాగని మొత్తం పొడవు మహిమే కాదు. బోటు అడుగు ఎంత పదునుగా ‘వి’ ఆకారంలో ఉందన్నదీ అంతే ముఖ్యం. 1960లో మయామీ నుంచి బహామాస్‌లోని నాసౌ దాకా జరిగిన పందెంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంది. రే హంట్ రూపొందించిన లోతైన ‘వి’ అడుగున్న మోపీ అనే చెక్క బోటుతో డిక్ బెర్ట్రమ్ బృందం గెలిచింది. దాని పొడవు 30 అడుగులు. రెండో స్థానంలో వచ్చింది, అలాంటి అడుగే ఉన్న 23 అడుగుల చిన్న బోటు. నేటి కుటుంబ బోట్లలో చాలావాటి అడుగుకు ఆ పందెంతో చుట్టరికం ఉంది. కాకపోతే పదునైన అడుగు ఊరికే రాదు. ఆగి ఉన్నప్పుడు బోటు పక్కలకు ఎక్కువ ఊగుతుంది, పరుగెత్తడానికి ఎక్కువ శక్తి అడుగుతుంది. రెండు బోట్లను పోల్చేటప్పుడు పొడవుతోపాటు వెనక భాగంలో ఆ ‘వి’ కోణం ఎన్ని డిగ్రీలో అడగాలి. చెప్పలేని సేల్స్‌మన్ దగ్గర తొందరపడి సంతకం పెట్టక్కర్లేదు.

షోరూములో ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం బాత్రూమ్. 23 అడుగుల బౌరైడర్లలో చాలావాటికి పక్కన ఇరుకైన అర ఒకటి ఉంటుంది, అందులో పోర్టబుల్ టాయిలెట్ పెట్టుకోవచ్చు. 18 అడుగుల్లో ఆ మాటే ఉండదు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు నాలుగు గంటలు నీటి మీద ఉండాల్సినప్పుడు హార్స్‌పవర్ కంటే ఇది పెద్ద విషయం. చాలా ఇళ్లలో నిర్ణయం చివరికి ఇక్కడే తేలుతుంది, అందులో తప్పేమీ లేదు.

ఖర్చుల సంగతి క్లుప్తంగా. నాలుగు స్ట్రోకుల ఔట్‌బోర్డ్ పూర్తి వేగంలో ప్రతి 10 హార్స్‌పవర్‌కు గంటకు సుమారు ఒక గ్యాలన్ తాగుతుందన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. ఆ లెక్కన 115 గుర్రాల ఇంజిన్‌కు 11 గ్యాలన్ల పైచిలుకు, 250 గుర్రాలకు 25. మెరీనాలో చోటుకు అద్దె సాధారణంగా అడుగుల లెక్కనే. కాలనీ సంఘాలు చాలాచోట్ల ఇంటి ముందు బోటు నిలపనివ్వవు. మెడ మడిచే ట్రైలరుంటే 18 అడుగుల బోటు కొన్ని గరాజుల్లో ఎలాగో ఇరుకుతుంది. 23 అడుగులది ఇరకదు.

సొంత ట్రక్కు లేని, గరాజులోనే బోటు పెట్టుకోవాలనుకునే నలుగురి కుటుంబానికి 18 అడుగులదే సరి. జనం ఎక్కువగా వచ్చే ఆ రెండు రోజులకూ మెరీనాలో పాంటూన్ బోటు అద్దెకు దొరుకుతుంది. ట్రక్కు ఎటూ ఉండి, మెరీనాలో చోటు తీసుకుని, పెద్దవాళ్లతో వారం వారం వెళ్లేవాళ్లు మాత్రం 23కి వెళ్లడమే మేలు.

ఏది కొన్నా డబ్బు కట్టేముందు నీటి మీద నడిపి చూడాలి. డీలర్లు మంగళవారం ఉదయం రమ్మంటారు, అప్పుడు సరస్సు అద్దంలా ఉంటుంది. శనివారం మధ్యాహ్నం కావాలని పట్టుబట్టాలి. ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ట్యాంకు నింపి, ముక్కు భాగంలో ఇద్దరిని కూర్చోబెట్టి ఎదురు అలల్లో నడపాలి. ఒడ్డుకొచ్చాక, రోజూ ఆ పని చేయబోయేవారే ట్రైలర్‌ను ర్యాంప్ మీదికి వెనక్కి నడిపి, బోటును ఎక్కించి, సొంత బండితోనే పైకి లాగి చూడాలి. అందుకు ఒప్పుకునే డీలరుతోనే ధర మాట్లాడాలి.