మీకు తెలుసా? వేరుశనగ నూనెలో పాదరసానికి విరుగుడు

పాదరసం విషానికి డాక్టర్లు వాడే పాత మందు డైమెర్‌కాప్రాల్ అసలు పాదరసం కోసం పుట్టిందే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువులు లూయిసైట్ అనే ఆర్సెనిక్ విషవాయువు వదులుతారేమోనని బ్రిటన్ భయపడింది. ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం ముందుజాగ్రత్తగా దానికి విరుగుడు తయారుచేసింది. ఐరోపా రణరంగంలో ఆ వాయువు రానేలేదు. మందు మాత్రం ఆస్పత్రులకు చేరింది.

పాదరసానికి గంధకమంటే మహా మోజు. మన ప్రొటీన్లలోని గంధకాన్ని పట్టుకుని ఎంజైముల పని ఆపేస్తుంది. డైమెర్‌కాప్రాల్‌లోనూ గంధకం ఉంది. పాదరసాన్ని తనవైపు లాక్కుని మూత్రంలోకి పంపిస్తుంది. కిడ్నీలు అప్పటికే దెబ్బతింటే డయాలసిస్ తప్పదు. ఈ మందును వేరుశనగ నూనెలో కలిపి కండలోకి లోతుగా ఇంజెక్షన్ చేస్తారు. అందుకే ముందు "పల్లీలు పడతాయా?" అని అడగాలి. సూది నొప్పి సంగతి చెప్పనక్కర్లేదు, వాసన కూడా భరించలేం.

అయితే పాదరసం ఏ రూపంలో, ఏ దారిన వెళ్లిందన్నదే అసలు ప్రశ్న. పిల్లాడు థర్మామీటర్ కొరికి ఆ వెండి చుక్క మింగేశాడా? సాధారణంగా మందే అక్కర్లేదు, అది మలంతో వెళ్లిపోతుంది. గాజుముక్కల గురించే ఎక్కువ భయపడాలి. అదే పాదరసం ఆవిరైతే, పీల్చినదాంట్లో సుమారు 80 శాతం రక్తంలో కలుస్తుంది. బంగారం తీయడానికి మూసిన గదిలో పాదరసం వేడిచేసినవాళ్లకు మొదట కావలసింది గాలి, ఆక్సిజన్. ఇక మెర్క్యురిక్ క్లోరైడ్ లాంటి లవణం మింగితే పేగులు కాలిపోతాయి. ఉప్పునీళ్లు తాగించి కక్కించారో, గొంతు రెండోసారి కాలుతుంది. ఇలాంటప్పుడు విరుగుడు గంటల్లోనే మొదలవ్వాలి.

మిథైల్ మెర్క్యురీ లాంటి సేంద్రియ రూపాలకు డైమెర్‌కాప్రాల్ ఇవ్వకూడదు. విషాన్ని మెదడులోకి చేరవేసే ప్రమాదం ఉంది. వాటికి సక్సిమర్ అనే గొట్టంమాత్రలు వాడతారు, అదీ గ్యారంటీ కాదు. 1996 ఆగస్టులో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ రసాయన శాస్త్రవేత్త కారెన్ వెటర్‌హాన్ చేతి తొడుగుపై డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు పడ్డాయి. లక్షణాలు నెలల తర్వాత గానీ బయటపడలేదు. సక్సిమర్‌తో మూత్రంలో పాదరసం బాగానే పోయింది, కానీ అప్పటికే మెదడు దెబ్బతింది. 1997 జూన్‌లో ఆమె మరణించారు. తర్వాత పరీక్షించి చూస్తే, అలాంటి లేటెక్స్ తొడుగులోంచి ఆ ద్రవం 15 సెకన్లలోపే దూరిపోతోందని తేలింది.