మానని పుండుకు పట్టు జెల్

మామూలు గాయమైతే రక్తం గడ్డకట్టి, వాచి, కొత్త కండ పూడి, చివరకు మచ్చ గట్టిపడుతుంది. షుగరు ఉన్నవారి అరికాలి పుండు చాలాసార్లు వాపు దశ దాటదు. అక్కడ చేరిన తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైములు కొత్తగా పుట్టిన కొలాజెన్‌ను ఎప్పటికప్పుడు కోసేస్తాయి. పైగా నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు కాబట్టి రోగి ఆ పుండు మీదే నడుస్తుంటాడు.

పుండును ఆరబెడితేనే మానుతుందన్నది పాత నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మంపై చేసిన ప్రయోగం దాన్ని తిరగేసింది. పలుచని పొర కప్పి తడి నిలిపిన గాయాలపై కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. పుండుపై వేసే జెల్ చేసే మొదటి మేలు ఆ తడిని కాపాడడమే. సముద్రపు నాచులోని ఆల్జినేట్, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్, పశువుల చర్మంలోని కొలాజెన్ ఇందుకు వాడుకలో ఉన్నాయి.

బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం రైతులకు బాగా తెలిసిన పట్టుగూడు కూడా ఈ వరుసలో చేరుతోంది. గూటి దారంలో సుమారు ముప్పాతిక వంతు ఫైబ్రోయిన్ అనే ప్రోటీను, దాని చుట్టూ సెరిసిన్ అనే బంక ఉంటాయి. నీరుగట్టువారిపల్లె మగ్గాలకు వెళ్లే పట్టును ఉడికించి బంక తీసినట్టే ప్రయోగశాలలోనూ మొదట సోడా నీళ్లలో ఉడికిస్తారు. ఆ దారాన్ని లిథియం బ్రోమైడ్ గాఢ ద్రావణంలో కరిగించి, పొర గుండా నీటిలోకి ఉప్పును వదిలించేస్తే ఫైబ్రోయిన్ ద్రావణం మిగులుతుంది. కాస్త ఆమ్లమో, అతిధ్వని తరంగాలో తగిలితే ప్రోటీను గొలుసులు పలకలుగా దగ్గరై, నీటిని మధ్యలో పట్టుకుని, పాలు తోడుకున్నట్టు బిగుసుకుంటాయి. గట్టిపరచడానికి వేరే రసాయనం అక్కర్లేదు.

ఈ పలకల వల్లే పుండులోని ఎంజైములకు ఫైబ్రోయిన్ త్వరగా లొంగదు. ఆలోగా కణాలు జెల్‌లోని ప్రోటీను వల పట్టుకుని లోపలికి పాకుతాయి. అందులో మందు కలిపితే మెల్లగా విడుదలవుతుంది. పట్టుచిలుక తొలిచి బయటికొచ్చిన గూడు దారం తీసే రీలింగుకు పనికిరాదు గానీ, జెల్‌కు దారం పొడవుతో పని లేదు.

అయితే పట్టు జెల్‌కు ఇప్పటివరకు ఉన్న ఆధారాల్లో ఎక్కువ భాగం జంతువులపై చేసిన ప్రయోగాలే. ఇలాంటి జెల్‌ను కుళ్లిన కండ తీసి, చీము తగ్గించాకే వేయాలి. కాలిమీద బరువు పడకుండా చూడాలి, షుగరు అదుపులో ఉండాలి. కాలికి రక్తమే అందకపోతే ముందు మూసుకుపోయిన ధమని సంగతి చూడాల్సిందే.