ఘనీభవింపజేసిన మూలకణాలు: సజీవంగా ఉండటమే కాదు, సామర్థ్యమూ నిలవాలి

జోగులాంబ గద్వాల జిల్లా అయిజ ప్రాంత పశుపోషకులకు ద్రవ నైట్రోజన్ కొత్త కాదు. కృత్రిమ గర్భధారణకు ఉపయోగించే వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవ నైట్రోజన్ పాత్రలలో భద్రపరచడం పశుసంవర్ధక రంగంలో దశాబ్దాలుగా అమలులో ఉన్న విధానం. మానవ మూలకణాల (స్టెమ్ సెల్స్) నిల్వకు కూడా ఇదే సూత్రం ఆధారం. అయితే ఈ రెండింటి మధ్య ఒక ముఖ్యమైన వ్యత్యాసం ఉంది. కరిగించిన వీర్యకణం స్వల్పకాలంలో ఒకే పనిని పూర్తిచేస్తే చాలు. మూలకణం మాత్రం అనేకసార్లు విభజన చెందుతూ, అవసరమైన ఇతర కణాలుగా మారవలసి ఉంటుంది. ఈ మార్పు చెందే గుణాన్నే విభేదన సామర్థ్యం అంటారు.

వయోజనుల ఎముక మజ్జ, కొవ్వు, కంటి నల్లగుడ్డు అంచు తదితర భాగాలలో మూలకణాలు ఉంటాయి. వీటిని చల్లబరిచే వేగం అత్యంత కీలకమైనది. మరీ వేగంగా చల్లబరిస్తే కణం లోపల మంచు స్ఫటికాలు ఏర్పడి పొరలు చీలిపోతాయి. మరీ నెమ్మదిగా చల్లబరిస్తే కణంలోని నీరు వెలుపలికి పోయి కణం కుంచించుకుపోతుంది. గ్లిసరాల్‌కు గల రక్షణ గుణాన్ని 1949లోను, డిఎంఎస్ఓ అనే రసాయనానికి గల అదే గుణాన్ని 1959లోను బ్రిటన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. సాధారణంగా సుమారు 10 శాతం డిఎంఎస్ఓ గల ద్రావణంలో కణాలను ఉంచి, నిమిషానికి సుమారు 1 డిగ్రీ చొప్పున చల్లబరిచి, అనంతరం ద్రవ నైట్రోజన్‌లో గాని, దాని ఆవిరిలో గాని నిల్వ చేస్తారు. ఉపయోగించే సమయంలో 37 డిగ్రీల వద్ద త్వరితంగా కరిగిస్తారు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద డిఎంఎస్ఓ కణాలకు హానికరం కనుక ఈ దశలో జాప్యం పనికిరాదు.

కరిగించిన వెంటనే రంగు పరీక్షలో సజీవంగా కనిపించిన కణాలలో కొన్ని మరుసటి రోజుకే నశించవచ్చు. కావున సజీవ కణాల శాతం ఒక్కటే నాణ్యతకు ప్రమాణం కాదు. రక్త మూలకణాల విషయంలో సిడి34 గుర్తు గల కణాలను లెక్కించడంతో పాటు, అవి ప్రయోగశాలలో కణ సమూహాలుగా పెరుగుతున్నాయా లేదా అని పరిశీలిస్తారు. మజ్జ, కొవ్వుల నుంచి సేకరించే మీసెంకైమల్ కణాలు ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగలగాలని 2006లో అంతర్జాతీయ నిపుణుల సంఘం ప్రమాణం నిర్దేశించింది. నిల్వ అనంతరం కూడా ఈ పరీక్షలో నెగ్గిన కణాలనే సమర్థమైనవిగా పరిగణించాలి.

ఘనీభవనం అన్ని సందర్భాలలోనూ అవసరం కాదని హైదరాబాద్ అనుభవం తెలుపుతోంది. సున్నం వంటి రసాయనాలు పడి నల్లగుడ్డు అంచులోని మూలకణాలు నశించిన వారికి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి ప్రయోగశాలలో పెంచిన కణాలతో చికిత్స చేపట్టింది. ఆరోగ్యవంతమైన కంటి నుంచి తీసిన చిన్న ముక్కను అప్పటికప్పుడే దెబ్బతిన్న కంటిపై అమర్చే సరళ పద్ధతిని ఈ సంస్థ వైద్యులు 2012లో ప్రకటించారు. ఇందులో ప్రయోగశాల పెంపకానికి గాని, నిల్వకు గాని అవసరం లేదు. నల్లగుడ్డు అంచు నుంచి సేకరించిన కణాలను ఆల్జినేట్ జెల్‌లో ఉంచి, గడ్డకట్టించకుండానే కొన్ని రోజులపాటు భద్రపరచి రవాణా చేసే విధానంపై ఇదే సంస్థ పరిశోధకులు 2019లో అధ్యయనం ప్రచురించారు. పెద్ద ఆసుపత్రులకు దూరంగా ఉన్న ప్రాంతాలకు ఇటువంటి పరిశోధన విశేష ప్రాధాన్యం కలది.

భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2017లో సంయుక్తంగా విడుదల చేసిన జాతీయ మార్గదర్శకాలు బొడ్డుతాడు రక్తం మినహా పంటి గుజ్జు, కొవ్వు, మావి వంటి వాటి వాణిజ్య నిల్వను అనుమతించలేదు. బొడ్డుతాడు రక్తాన్ని సైతం బిడ్డ సొంత భవిష్యత్ అవసరాలకు దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని స్పష్టం చేశాయి.

ఈ దృష్ట్యా, నిల్వ సేవల పేరిట వచ్చే ప్రకటనలను అధికారులు, పాత్రికేయులు నిశితంగా పరిశీలించవలసి ఉంది. సంస్థకు అనుమతి ఉన్నదా, కరిగించిన తరువాత ఎంత శాతం కణాలు సజీవంగా ఉంటున్నాయి, వాటి విభేదన సామర్థ్యాన్ని ఏ పరీక్ష ద్వారా నిర్ధారించారు, ఆ కణాలతో ఏ వ్యాధికి చికిత్స రుజువైంది అనే నాలుగు ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానం కోరడం సముచితం. కష్టార్జితాన్ని వెచ్చించే ముందు గ్రామీణ కుటుంబాలకు ఈ వివరాలు తెలియజేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.